సగం రంగు పడ్డ సైన్యాలు

ఫాంటసీ వార్‌గేమ్ బొమ్మలు కొనేవాళ్లలో చాలామంది కొన్నవన్నీ పూర్తి చెయ్యరు. ఈ సరదా ఉన్న ఎవరి అలమర తెరిచినా ఇట్టే తెలిసిపోతుంది. ఫ్రేము నుంచి విడదీయని ప్లాస్టిక్ ముక్కలు, అతికించి వదిలేసిన గోబ్లిన్లు, ప్రైమర్ కొట్టి ఆపేసిన అస్థిపంజరాలు, కవచం దాకా వచ్చి ఆగిపోయిన ఒక సేనాని. ఆటగాళ్లు ఈ పోగును ‘పైల్ ఆఫ్ షేమ్’ అంటారు. ఇష్టపడి, డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువును చూసి మనిషి సిగ్గుపడే పరిస్థితి ఎందుకొస్తోంది? ఆ పోగు ఎలా పెరుగుతోంది? దాన్ని కరిగించడానికి ఇన్నేళ్లుగా ఎవరెవరు ఏ దారులు చూపించారు, వాటిలో ఏది ఎంతదూరం తీసుకెళ్తుంది? ఈ ప్రశ్నలన్నిటినీ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

ఎక్కువమంది దీన్ని ఉత్సాహానికి సంబంధించిన సమస్యగా చూస్తారు. ‘మూడ్ రావట్లేదు’ అంటారు. మూడ్ వచ్చేదాకా ఆగుతారు, లేదంటే మూడ్ తెప్పించుకోవడానికి ఇంకో పెట్టె కొంటారు. నాకు మాత్రం అసలు చిక్కు ఇంకాస్త ముందే ఉందనిపిస్తుంది. ఈ బొమ్మ ఎంతవరకు వేస్తే అయిపోయినట్టో అనుకోకుండానే బ్రష్ పట్టుకుంటాం. హద్దు తెలియని పనిమీద ఎంత ఇష్టమున్నా నాలుగు రాత్రుల్లో నీరుగారిపోతుంది.

రంగు వేసే బాధ్యత ఆటగాడి మీద ఎప్పుడు పడిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1913లో ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో, బొమ్మ సైనికులతో ఇంట్లో నేలమీద యుద్ధం ఆడుకోవడానికి నియమాలు రాశాడు. అప్పటి బ్రిటన్స్ కంపెనీ లోహపు సైనికులు రంగులతోనే అంగడికి వచ్చేవి. పెట్టె విప్పితే ఆట మొదలు. ఫాంటసీ బొమ్మల సంగతి అలా జరగలేదు. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ తమ మధ్యయుగ యుద్ధక్రీడ ‘చెయిన్‌మెయిల్’కు డ్రాగన్లు, మాంత్రికులు ఉన్న అనుబంధం చేర్చారు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే రోల్‌ప్లేయింగ్ ఆట వచ్చింది. ఆ వింత జంతువులకు తగ్గ బొమ్మలు దొరక్క గైగాక్స్ బృందం చవక ప్లాస్టిక్ ఆటబొమ్మలతో సరిపెట్టుకుంది. ఆ ఆటలో పేరుమోసిన రస్ట్ మాన్‌స్టర్ అలాంటి ఒక బొమ్మను చూసి పుట్టిందే. తర్వాత 1975లో అమెరికాలోని సిన్సినాటిలో రాల్ పార్థా, ఆ దశాబ్దం చివర ఇంగ్లండులో సిటడెల్ మినియేచర్స్ మొదలయ్యాయి. వాళ్లు అమ్మింది రంగులేని లోహపు బొమ్మ. రంగు సంగతి కొన్నవాడే చూసుకోవాలి.

రోల్‌ప్లేయింగ్ ఆటకు మనిషికొక బొమ్మ ఉంటే సరిపోతుంది కాబట్టి అప్పటికి అదేం భారం కాదు. 1983లో బ్రయాన్ ఆన్సెల్, రిచర్డ్ హాలీవెల్, రిక్ ప్రీస్ట్‌లీ ‘వార్‌హామర్’ తయారుచేయడంతో లెక్క మారింది. బొమ్మలు పోతపోసే కంపెనీ తన బొమ్మలు అమ్ముడుపోవడానికి తెచ్చిన ఆట అది. దానికి దళాలకు దళాలే కావాలి. 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ ఇంకో అడుగు ముందుకేసి, పదిమంది వెడల్పున నిలబెట్టిన దళానికి ‘హోర్డ్’ అని పేరు పెట్టి, అదనంగా ఇంకో వరస పోరాడే వీలిచ్చింది. ఇరవై మందితో సరిపెట్టుకున్న దళాలు నలభైకి చేరాయి. కంపెనీ 2015లో ఆ ప్రపంచాన్ని ముగించి ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ తెచ్చింది. 2024లో ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరుతో వరసల దళాలు మళ్లీ వచ్చాయి. నియమావళిలో ఒక్క పేరా మారితే ఎన్ని ఇళ్లలో ఎన్ని రాత్రుల పని పెరుగుతుందో ఆలోచించండి. తనకు పట్టుదల లేదని బాధపడే మనిషి తనను తాను తప్పుపట్టుకునే ముందు ఈ చరిత్ర తెలుసుకోవాలి.

ఈలోగా, తయారీకి ముందే కొనేవాళ్లనుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు వచ్చింది. 2012లో టెక్సస్‌కు చెందిన రీపర్ కంపెనీ తన ‘బోన్స్’ ప్లాస్టిక్ బొమ్మలకోసం 34 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. వంద డాలర్లు కట్టినవాళ్లకు రెండు వందలకు పైగా బొమ్మలు ఇంటికొచ్చాయి. అంత చవకగా ఎవరికైనా కొనాలనే అనిపిస్తుంది. వార్‌హామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ పెద్ద పెట్టెలదీ ఇదే వరస. 2024లో వచ్చిన ‘స్కావెన్‌టైడ్’లో 70కి పైగా బొమ్మలున్నాయి, అందులో ఎక్కువ భాగం ఎలుక సైన్యం.

ఒక మామూలు సిపాయికి గంట పడుతుందనుకుందాం. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషికి వారానికి నాలుగు గంటలు దొరికితే గొప్ప. 70 బొమ్మలకు పదిహేడు, పద్దెనిమిది వారాలు, అంటే నాలుగు నెలలు, అదీ మధ్యలో ఒక్క పెళ్లి, ఒక్క జ్వరం రాకపోతే. ఈ నాలుగు నెలల్లో కంపెనీ ఇంకో రెండు పెట్టెలు ప్రకటిస్తుంది. కొనడానికి ఐదు నిమిషాలు, వేయడానికి నాలుగు నెలలు అయినప్పుడు ఎంత చురుకైన చేతి కిందయినా పోగు పెరగక తప్పదు.

అందుకే ఇప్పటిదాకా వచ్చిన పరిష్కారాల్లో నేను మొదట నిలబెట్టేది చిన్న ఆటలను. 1999లో వచ్చిన ‘మోర్డ్‌హైమ్’కు పది పన్నెండు బొమ్మల ముఠా చాలు. 2015లో జోసెఫ్ మెకల్లో రాసిన ‘ఫ్రాస్ట్‌గ్రేవ్’లో ఒక మాంత్రికుడు, ఒక శిష్యుడు, ఎనిమిది మంది సైనికులకు మించి అక్కర్లేదు. ఏ కంపెనీ బొమ్మలైనా వాడుకోవచ్చు. 2019 నాటి ‘వార్‌క్రై’ కూడా ఈ దారిదే. పది బొమ్మలు ఒక నెల పని. నెల తిరిగేసరికి పూర్తి సైన్యం బల్లమీద నిలబడుతుంది, ఆట ఆడొచ్చు. పెద్ద సైన్యమే కావాలనుకునేవాళ్లు కూడా దాన్ని ఇలాంటి ముఠాలుగా విడగొట్టుకుని, ఒక్కోదాన్ని ఆడగలిగే స్థితికి తెచ్చి తర్వాతిదానికి వెళ్తే దారిలో ఆగిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. మిగతా చిట్కాలన్నీ దీని తర్వాతే.

అసలు రంగు వేయడమే మానేస్తే? ఆ ప్రయోగమూ జరిగింది. 2000లో విజ్‌కిడ్స్ కంపెనీ ‘మేజ్ నైట్’ పేరుతో రంగు వేసిన బొమ్మలే అమ్మింది. 2003లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కూ అలాంటివి వచ్చాయి. రెండూ బాగా అమ్ముడుపోయాయి. ఫ్రాన్స్‌లో రాక్హామ్ కథ ఇంకోలా నడిచింది. ‘కన్‌ఫ్రాంటేషన్’ ఆటకు ఆ కంపెనీ చేసిన లోహపు బొమ్మలను ప్రపంచంలోని మంచి మంచి పెయింటర్లు ప్రాణంగా చూసుకునేవాళ్లు. ఆ కంపెనీ రంగు వేసిన ప్లాస్టిక్ వైపు మళ్లింది, 2010లో మూతపడింది. ఒక కంపెనీ పతనానికి కారణాలు చాలానే ఉంటాయి. అయినా బ్రష్ చేతిలోంచి తీసేసుకుంటే ఆ పాత అభిమానులు సంతోషించలేదన్నది మాత్రం నిజం. డబ్బిచ్చి వేయించుకునే దారి కూడా ఉంది. ఆ పని చేసిపెట్టే స్టూడియోలు చాలా దేశాల్లో ఉన్నాయి, మన పక్కనున్న శ్రీలంకలో కూడా. ఆటే ముఖ్యమనుకునేవాళ్లకు అది చక్కటి దారి. ఈ వ్యాసం తన చేత్తో వేయాలనే కోరిక పోనివాళ్ల గురించి.

ఇక రెండో పెద్ద కారణం పోలిక. గేమ్స్ వర్క్‌షాప్ 1987 నుంచి ‘గోల్డెన్ డీమన్’ పోటీలు పెడుతోంది. అందరిలోకీ మేటి అనిపించుకున్నవాళ్లకు నిజమైన కత్తి బహుమానం. కంపెనీ సొంత పెయింటర్ల బృందం ‘ఎవీ మెటల్’ పనితనం పెట్టెలమీద, పుస్తకాల్లో కనిపిస్తుంది. అది అద్భుతమైన పని, దాన్ని చూసే నాలాంటివాళ్లు ఇందులోకి వచ్చారు. కానీ ఒక సంగతి గమనించాలి. బొమ్మ ఎత్తు దాదాపు 28 మిల్లీమీటర్లు. దాని కన్ను అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. ఫోన్ తెరమీద ఆ ముఖం అరచేతి అంత కనిపిస్తుంది. జీతం తీసుకుని రోజంతా అదే పని చేసేవాళ్లు రోజుల తరబడి వేసిన ముఖాన్ని, పదింతలు పెంచిన ఫొటోలో చూసి, దానితో మన ముప్పయ్యో గోబ్లిన్‌ను పోల్చుకుంటాం. ఆ పోలికలో గోబ్లిన్ ఎప్పుడూ ఓడిపోతుంది. దాన్ని మళ్లీ సరిచేస్తాం, మళ్లీ ఓడిపోతుంది, చివరికి డబ్బాలోకి వెళ్లిపోతుంది.

దీనికి విరుగుడు అదే కంపెనీలో, అదే కాలంలో పుట్టింది. జాన్ బ్లాంచ్ అనే చిత్రకారుడు దశాబ్దాలపాటు వార్‌హామర్ రూపురేఖలు తీర్చిదిద్దాడు. ఆయన వేసిన బొమ్మలు శుభ్రంగా ఉండవు. తుప్పు, గోధుమ, మురికి తెలుపు, ఎక్కడో ఒకచోట ఎరుపు, అంతే. గీతలు అటూ ఇటూ పోతాయి. ఒక మూల బ్రష్ గుర్తు అలాగే ఉంటుంది. అయినా ఆ బొమ్మ చూస్తే అది ఏ శాపగ్రస్త ఊరినుంచి నడిచొచ్చిందో తెలిసిపోతుంది. ఆయన పద్ధతికి ‘బ్లాంచిట్సు’ అని పేరే వచ్చింది, ఆ పేరుతో కంపెనీ పత్రిక ‘వైట్ డ్వార్ఫ్’లో శీర్షిక కూడా నడిచింది. నున్నగా కలిసిపోయిన రంగులే మంచి పనికి గుర్తు అని నమ్మినవాళ్లకు ఆయన ఇచ్చిన స్వేచ్ఛ చాలా పెద్దది. కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను పోటీల ఫొటోలకంటే ముందు ఆయన బొమ్మలు చూడమంటాను.

ఇక్కడ ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం: వార్‌హామర్‌లో ఈటె పట్టిన అస్థిపంజరం. కొండపల్లి బొమ్మకు రంగు వేసే ముందు సున్నపు పూత పూసినట్టే దీనికీ ముందు ప్రైమర్ కావాలి, లేకపోతే యాక్రిలిక్ రంగు పట్టదు. ఎముక రంగు స్ప్రే ఒక్కటి కొడితే ప్రైమరూ అదే, మూలరంగూ అదే. ఆరాక గోధుమరంగు వాష్, అంటే నీళ్లలాంటి పలుచటి రంగు, బొమ్మంతా పారించాలి. అది పక్కటెముకల మధ్యకి, కంటి గుంటల్లోకి, పళ్ల సందుల్లోకి తనంతట తానే చేరుతుంది. పాదాల దగ్గర మడుగు కడితే పొడి బ్రష్‌తో పీల్చేయాలి, అదొక్కటే జాగ్రత్త. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. తర్వాత గట్టి కుచ్చున్న పాత బ్రష్‌కు లేత ఎముక రంగు అంటించి, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, పుర్రె నుదుటిమీద, మోకాళ్లమీద, వేళ్ల కణుపులమీద ఆడించాలి. దీన్నే డ్రైబ్రష్ అంటారు. పైకి తేలిన అంచులే తెల్లబడతాయి. ఈటె కర్రకు ఒక గోధుమ, మొనకు ముదురు లోహం, దానిమీద అక్కడక్కడ నారింజ చుక్కలతో తుప్పు. డాలుకు ఒక రంగు. బొమ్మ నిలబడే బేస్‌మీద జిగురు పూసి ఇసుక, దానికి రంగు, ఒక గడ్డి కుదురు. బేస్ అంచు చుట్టూ నల్లగా ఒక శుభ్రమైన గీత.

అస్థిపంజరం అక్కడ అయిపోతుంది. దానికి కళ్లలో మెరుపు పెట్టొచ్చు, పళ్లు ఒక్కొక్కటిగా తీర్చొచ్చు. అవసరం లేదు. నలభై మంది వరసగా నిలబడి, ఆటగాడు కుర్చీలో కూర్చుని చూసినప్పుడు కంటికి ఆనేవి మూడే: పుర్రె, డాలు, బేస్. ‘మూడు అడుగుల దూరం నుంచి బాగుంటే చాలు’ అని ఆటగాళ్లు చెప్పుకునే మాటకు ఆధారం ఇదే. ఈ మాటను కొందరు సర్దుబాటుగా తీసుకుంటారు. నా దృష్టిలో ఇది ఆ పని స్వభావం. వీధి నాటకానికి వేసే ముఖం వేరు, సినిమా క్లోజప్‌కు వేసే ముఖం వేరు, రెండిటికీ పనితనం కావాలి. సైన్యానికి వేసే రంగు మొదటి రకం. ఒంటరి సేనానికి, పోటీ బొమ్మకు రెండోది. చాలామంది సిపాయిని సేనానిలా మొదలుపెట్టి ఆరో సిపాయి దగ్గర చతికిలబడతారు.

త్వరగా వేసే సాధనాలు ఈ ఇరవై ఏళ్లలో బాగా పెరిగాయి. అమెరికాలో కొందరు ఆటగాళ్లు మొదట్లో కుర్చీలకు, బల్లలకు పూసే రంగు వార్నిష్‌లోనే బొమ్మలను ముంచి దులిపేవాళ్లు. 2007లో డెన్మార్క్‌లో మొదలైన ఆర్మీ పెయింటర్ కంపెనీ ఆ పద్ధతినే ‘క్విక్‌షేడ్’గా అమ్మింది. 2019లో సిటడెల్ ‘కాంట్రాస్ట్’ రంగులు వచ్చాయి. లేత పూతమీద ఒక్కసారి వేస్తే గుంటల్లో చిక్కగా, మిట్టలమీద పలుచగా నిలబడి, నీడా వెలుగూ ఒకేసారి ఇస్తాయి. 2022లో ఆర్మీ పెయింటర్ ‘స్పీడ్‌పెయింట్’ తెచ్చింది. మొదటి విడతకు ఒక లోపం ఉండేది: ఆరిన రంగుమీద మళ్లీ తడి రంగు తగిలితే కిందిది కరిగి పైకొచ్చేది. 2023 నాటి రెండో విడతలో దాన్ని సరిచేశారు. నల్ల ప్రైమర్‌మీద బూడిదరంగు, ఆపైన తెలుపు డ్రైబ్రష్ చేసి, వాటిమీద ఈ పలుచటి రంగులు వేసే ‘స్లాప్‌చాప్’ పద్ధతి ఆ రోజుల్లోనే జోరందుకుంది.

వీటిని అడ్డదారులని ఈసడించేవాళ్లతో నేను ఏకీభవించను. బొచ్చు, బట్ట, ఎముక, చెక్క, ఎలుక చర్మం ఉన్న బొమ్మలకు ఇవి నిజంగా బాగుంటాయి. నున్నటి కవచం పలకలమీద మాత్రం మరకలు కడతాయి, అక్కడ పాత పద్ధతే మేలు. ఇవి గంట పనిని అరగంట చేస్తాయి. బొమ్మను ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పవు. కాంట్రాస్ట్‌తో పది నిమిషాల్లో ఒక ఎలుకను వేసి, తర్వాత గంటసేపు దానికి అంచులు గీస్తూ కూర్చునేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

అన్ని బొమ్మలూ ఒకేసారి వేయాలా, ఒక్కొక్కటిగా వేయాలా? ఈ సరదాలో దీనంత పాత తగువు లేదు. ఇరవై బొమ్మలు వరసగా పెట్టి అన్నిటికీ ఒకేసారి తోలు రంగు, తర్వాత అన్నిటికీ లోహం రంగు వేస్తే సమయం కలిసొస్తుంది. రంగు కలిపేది ఒక్కసారే, దళమంతా ఒకేలా ఉంటుంది. కానీ వారాల తరబడి ఒక్క బొమ్మా పూర్తవదు. ఇరవయ్యో బెల్టు వేసేసరికి చెయ్యి లాగుతుంది, మనసు ఎక్కడికో పోతుంది. ఒక్కొక్కటిగా వేస్తే ప్రతి రాత్రీ ఒక బొమ్మ పూర్తయిన తృప్తి ఉంటుంది, సమయం మాత్రం రెట్టింపవుతుంది.

మనస్తత్వ పరిశోధనల్లో ఈ తగువుకు పనికొచ్చే సాక్ష్యం కొంత ఉంది. అవేవీ బొమ్మలకు రంగు వేసేవాళ్లమీద జరిగినవి కావు, ఆ మేరకు జాగ్రత్తగానే తీసుకోవాలి. 2006లో జోసెఫ్ నూనెస్, జేవియర్ డ్రెజ్ ప్రచురించిన ఒక అధ్యయనంలో కార్లు కడిగే చోట కొందరికి ఎనిమిది ముద్రలు పడాల్సిన కార్డు ఇచ్చారు. ఇంకొందరికి పది ముద్రల కార్డు ఇచ్చి, రెండు ముద్రలు ముందే వేసిపెట్టారు. రెండు రకాలవాళ్లూ తెచ్చుకోవాల్సింది ఎనిమిదే. మొదటి రకంలో 19 శాతం మంది కార్డు నింపితే, రెండో రకంలో 34 శాతం మంది నింపారు. పని కొంత అయిపోయిందన్న భావనే మనిషిని లాక్కెళ్తోంది. చివర దగ్గరపడేకొద్దీ వేగం పెరుగుతుందని అదే ఏడాది రాన్ కివెట్జ్ బృందం కాఫీ కార్డులతో చూపించింది.

మూడోది లెగో ప్రయోగం. డాన్ ఏరియలీ, ఎమిర్ కమెనిత్సా, ద్రాజెన్ ప్రెలెక్ 2008లో ప్రచురించారు. ముక్కలు కూర్చి బొమ్మ చేస్తే డబ్బిస్తారు, బొమ్మ బొమ్మకూ ధర కొంచెం తగ్గుతుంది. కొందరు చేసిన బొమ్మలు వాళ్ల ఎదుట బల్లమీదే వరసగా నిలబెట్టారు. ఇంకొందరు చేసినవి వాళ్లు చూస్తుండగానే విడగొట్టి మళ్లీ అవే ముక్కలు చేతికిచ్చారు. మొదటివాళ్లు సగటున 10.6 బొమ్మలు చేశారు, రెండోవాళ్లు 7.2. కూలి ఒకటే, పని ఒకటే. చేసింది కంటిముందు నిలబడటమే తేడా.

ఈ మూడూ కలిపి చూస్తే ఐదేసి బొమ్మల గుంపు సరైనదని నాకు అనిపిస్తుంది. ఐదింటికి రంగు ఒకేసారి కలుపుకున్న లాభం దక్కుతుంది. చివర ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మొదట ఒక్క బొమ్మను గడ్డి కుదురు దాకా పూర్తిచేసి బల్లమీద నిలబెట్టాలి. అది నమూనా. మిగతావాటిని ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది, దానికంటే ఎక్కువ చేయడానికి వీల్లేదు. పూర్తయినవి డబ్బాలో పెట్టి అటకమీదికి ఎక్కించకూడదు. పని చేసే చోటునుంచి తలెత్తితే కనిపించేలా ఉండాలి. లోపల దాచాల్సింది పెయింట్ చేయనివాటిని. చాలా ఇళ్లలో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది.

బహుమానాల సంగతి వేరు. 2020లో వార్‌హామర్‌కు సైన్స్ ఫిక్షన్ రూపమైన ‘వార్‌హామర్ 40,000’ తొమ్మిదో ఎడిషన్, సైన్యమంతా రంగు వేసి ఉంటే ఆటలో వందకు పది పాయింట్లు ఇచ్చింది. ‘బ్యాటిల్ రెడీ’ అనే ప్రమాణం పెట్టింది: ముఖ్యభాగాలకు రంగు, బేస్‌కు ఒక సాదా పూత. దీనిమీద పెద్ద రగడే జరిగింది. పని మానేసి ఆడుకోవడానికి వచ్చినవాణ్ణి రంగు వేయలేదని ఓడించడం అన్యాయమన్నారు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973 నాటి ప్రయోగం వాళ్ల వాదానికి బలమిచ్చేదే. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు ‘గీస్తే బహుమతి’ అని ముందే చెప్పి గీయించారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాము స్కెచ్‌పెన్నులు పట్టుకోవడం తగ్గిపోయింది. బహుమతి మాట ఎత్తనివాళ్లకు అలా జరగలేదు. పాయింట్లకోసం వేసిన సైన్యం పూర్తవుతుంది, తర్వాతి సైన్యం మొదలుపెట్టే కోరికను అది కొంత తినేస్తుందేమో. అయినా ఆ నియమంలో మేలు ఒకటుంది, దాన్ని విమర్శకులు పట్టించుకోలేదు. ఇంతవరకు వేస్తే చాలు అని కంపెనీయే ఒక కనీస హద్దు అచ్చువేసి ఇచ్చింది. పది పాయింట్లకంటే నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

తోడు ఉంటే పని సాగుతుందన్నది అందరూ ఒప్పుకునేదే, దీనిమీద పెద్దగా వాదన లేదు. వైట్ డ్వార్ఫ్ పత్రిక 1990ల చివర్లో ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ గేమర్స్’ అని నడిపింది. నలుగురు ఉద్యోగులు నెలకింత అని డబ్బు పెట్టుకుని, నెలనెలా కొంత సైన్యం కొని, రంగు వేసి, ఒకరితో ఒకరు ఆడి, ఆ ముచ్చట్లు రాసేవాళ్లు. ఆ శీర్షిక చూసి ఎన్ని దేశాల్లో ఎన్ని స్నేహబృందాలు అదే పని చేశాయో లెక్కలేదు. అందులో కిటుకు డబ్బు పరిమితిలోనే ఉంది. ఈ నెలది పూర్తయితేగానీ వచ్చే నెలది లేదు. హైదరాబాదులోనో డాలస్‌లోనో దగ్గర ఆటగాళ్లు లేనివాళ్లు వారానికో రాత్రి వీడియో కాల్ పెట్టుకుని, కెమెరా చేతులవైపు తిప్పి, కబుర్లు చెప్పుకుంటూ వేసుకుంటున్నారు. అది బాగా పనిచేస్తుంది.

బల్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా సైన్యాలను ముంచింది అదే. రంగులు బీరువాలోంచి తీసి, న్యూస్‌పేపర్ పరిచి, నీళ్లు పెట్టుకుని, చివర్లో అంతా సర్దాలంటే అరగంట ఖాళీ ఉన్న రాత్రి ఎవరూ కూర్చోరు. ఒక ట్రేలో ఐదు బొమ్మలు, వాటికి కావలసిన ఆరు రంగులు, రెండు బ్రష్‌లు ఉంచుకుని, మొత్తం ట్రేనే ఎత్తి పెట్టుకోవాలి. పీటర్ గోల్విట్జర్ 1999లో సమీక్షించిన పరిశోధనలు చెప్పేదేమంటే, ‘ఈ వారం వేస్తాను’ అనుకున్నవాళ్లకంటే ‘ఫలానాది అవగానే ఫలానా చోట కూర్చుంటాను’ అనుకున్నవాళ్లు ఆ పని ఎక్కువగా చేస్తారు. రాత్రి పిల్లలు పడుకోగానే డైనింగ్ టేబుల్ దగ్గర ట్రే తీయడం అలాంటి ఏర్పాటే.

మన వాతావరణం గురించి ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పని ముక్క ఒకటుంది. విశాఖ, విజయవాడ వైపు వానాకాలం తేమలో స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మమీద పొడిపొడిగా, ఇసుక చల్లినట్టు ఆరుతుంది. మ్యాట్ వార్నిష్ అయితే తెల్లటి పొర కడుతుంది, పూర్తయిన బొమ్మ పాడవుతుంది. ఆ నెలల్లో బ్రష్‌తో పూసే ప్రైమర్, బ్రష్‌తో పూసే వార్నిష్ వాడటం మంచిది. లేదా పొడిగా ఎండ కాసిన రోజు చూసి మూడు నెలలకు సరిపడా బొమ్మలకు ఒకేసారి స్ప్రే కొట్టి పెట్టుకోవాలి. ఎండాకాలంలో ఫ్యాన్ కింద యాక్రిలిక్ రంగు పాలెట్‌మీదే ఎండిపోతుంది. మూతున్న డబ్బాలో తడి స్పాంజి, దానిమీద బేకింగ్ పేపరు పరిస్తే అదే వెట్ పాలెట్, రంగు మర్నాటికి కూడా పచ్చిగా ఉంటుంది. రాత్రి కలిపిన రంగు మర్నాడు వాడుకోగలిగితే మధ్యలో ఆపడానికి భయం ఉండదు.

పోగు తగ్గించే దారుల్లో రంగు వేయడం ఒక్కటే ఉందని కూడా అనుకోనక్కర్లేదు. ఐదేళ్లుగా ముట్టని సైన్యాన్ని అమ్మేయడం లేదా కొత్తగా నేర్చుకునే కుర్రాడికి ఇచ్చేయడం మంచి పనే. కొన్నప్పటి మనిషి వేరు, ఇప్పటి మనిషి వేరు. అప్పుడు నచ్చిన మరుగుజ్జులు ఇప్పుడు నచ్చకపోవచ్చు. విసుగు పుట్టినప్పుడు ఇంకో బొమ్మకు మారడం గురించి మాత్రం పెద్దలు రెండు రకాలుగా చెబుతారు. ఒకేదాన్ని పట్టుకోవాలని కొందరు, మారుస్తూ ఉండాలని కొందరు. దళం వేస్తూ పక్కన ఒక్క వేరే బొమ్మ, వేరే రంగుల్లో, ఉంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. రెండో పక్క బొమ్మ వచ్చిందంటే ఇక అది పక్క బొమ్మ కాదు, కొత్త పోగు.

చివరగా సేనాని తగువు. ముందే వేస్తే ఉత్సాహం వస్తుందని ఒక పక్షం, దళాలన్నీ అయ్యాక బహుమానంగా ఉంచుకోవాలని ఇంకో పక్షం. ముందే వేసినవాడు అంత బాగా వేసిన ముఖం పక్కన సాదా సిపాయిలను చూసి తట్టుకోలేడు, ప్రతి సిపాయికీ అదే స్థాయి తేవాలనుకుని ఆగిపోతాడు. చివరికి ఉంచుకున్నవాడు ఆ చివరికి చేరేదాకా ఊరించే బొమ్మ ఒక్కటీ లేకుండా నడవాలి. నేనైతే మొదటి దళం పూర్తయ్యాక, రెండోది మొదలుపెట్టక ముందు వేస్తాను. అప్పటికి ఆ సైన్యం రంగులు చేతికి వచ్చేసి ఉంటాయి. సిపాయి ఎంతవరకో తేలిపోయి ఉంటుంది, సేనాని దాన్ని తారుమారు చేయలేడు. ఎన్ని వారాలు పట్టినా పట్టనివ్వొచ్చు, కళ్లలో మెరుపూ పళ్లూ అన్నీ తీర్చొచ్చు. అతని వెనక నిలబడటానికి ఇరవై మంది సిద్ధంగా ఉంటారు, ఆ శనివారమే ఆడుకోవచ్చు.